ఓడలో పుట్టిన ఆట

బల్లపై ఆడు ఆటలన్నిటికిని బల్ల కదలదను నమ్మికయే ఆధారము. సముద్రముపై ఆ నమ్మిక చెల్లదు. ఓడ ఒరిగినంతనే బిలియర్డ్సు బంతులు తమంత తామే దొర్లును. చదరంగమున రాజు మంత్రి మీదికి జారును. అయినను ఆట లేక నావికుడు ఉండలేడు. 1545లో మునిగి, 1982లో వెలికి తీయబడిన మేరీ రోజ్ అను ఇంగ్లీషు యుద్ధనౌకలో, వడ్రంగి గదియందు పాచికలాట పలక యొకటి దొరికినది.

ఓడకు తగిన ఆటను కోరినవారు మొదట వస్తువులను సవరించిరి. కాయల అడుగున మేకులమర్చి, పలకకు రంధ్రములు తొలిచిరి; బల్లకు అంచు కట్టిరి. పేకముక్కలకు ఇంత శ్రమ అక్కరలేదు. అవి చేతిలోనే యుండును, దొర్లవు, ఎక్కువ చోటు కోరవు. కావున పేకాటలో సవరింపవలసినది వస్తువు కాదు, నియమము. ఆ సవరణ ఒక ఓడలోనే జరిగినది.

1925 అక్టోబరులో 'ఫిన్లాండ్' అను ఓడ లాస్ ఏంజెలెస్ నుండి పనామా కాలువ మీదుగా హవానాకు పోవుచుండెను. అందు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అను అమెరికా ధనికుడు ముగ్గురు మిత్రులతో బ్రిడ్జి ఆడుచుండెను. అప్పటి ఆటలో ఒక లోపము కలదు. ఏడు పట్టులకే పాట పాడి పదునొకండు గెలిచినను, అదనపు పట్టులును ఆట గెలుపునకు లెక్కకు వచ్చెడివి. కావున ధైర్యముగా పాడవలసిన పనియే లేకుండెను.

పాడిన మేరకే లెక్క యను సూత్రము ఫ్రాన్సు దేశపు 'ప్లాఫాన్' ఆటలో ముందే యున్నది. వాండర్‌బిల్ట్ దానిని గ్రహించెను. పండ్రెండో పదుమూడో పట్టులు పాడి సాధించినవారికి పెద్ద బహుమానమును, అప్పటికే ఒక ఆట గెలిచియున్న పక్షము మాట తప్పినచో హెచ్చు దండనను చేర్చెను. అక్టోబరు 31న ఓడ బాల్బోవా రేవు చేరి, కాలువ ప్రవేశమునకై ఆ రాత్రి నిలిచెను. మరునాడు, నవంబరు 1న, కొత్త లెక్కతో ఆట సాగెను.

హెచ్చు దండనకు లోనైన పక్షమును ఏమని పిలువవలెనో వారికి తోచలేదు. ఓడలోని యువతి యొకతె 'వల్నరబుల్' అను మాట సూచించెను. సులువుగా దెబ్బతినునది యని దాని భావము. నేటికిని బ్రిడ్జి ఆటగాండ్రు ఆ మాటనే వాడుచున్నారు. ఆమె పేరు మాత్రము చరిత్రకు దక్కలేదు.

1927లో ఆ ఆటకు నియమావళి వెలువడెను. కొన్ని యేండ్లలోనే అది పాత పద్ధతిని తొలగించి 'కాంట్రాక్టు బ్రిడ్జి'గా వ్యాపించెను. కాంట్రాక్టు అనగా ఒడంబడిక. ముక్కలు అవే 52. ఆడువారు ఆ నలుగురే. ముందుగా పలికినదానికే ఫలమను నియమ మొక్కటి చేరగా ఆట కొత్తదైనది.

కొత్త ఆట కల్పింపగోరు విద్యార్థి తొలుత రంగులను, అట్టలను వెదకును. తెలిసిన ఆట యొక్క లెక్కను మార్చి చూడుమని ఉపాధ్యాయుడు చెప్పవలెను. ఆ పనిలో ఎవరైన ఒక మంచి మాట అందించినచో, వారి పేరును ఆనాడే వ్రాసికొనుమనియు చెప్పవలెను.