నురగలో నీళ్ల లెక్క

వెంట్రుక కన్నా ఉక్కు 50 రెట్లు గట్టిది. అయినా కొన్ని గడ్డాలు గీసేసరికే బ్లేడు మొద్దుబారుతుంది. ఎందుకని? అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో వెంట్రుకలను కోసి చూసి, 2020లో ‘సైన్స్’ పత్రికలో జవాబు చెప్పారు. వెంట్రుక వంగి అంచుకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు బలహీనంగా ఉన్న చోట సన్నటి పెచ్చు లేచిపోతోంది.

ఇంత మొండి వెంట్రుకను లొంగదీసేది నీళ్లే. వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రోటీను నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని కోయడానికి కావలసిన బలం బాగా తగ్గుతుంది. గోరువెచ్చటి నీళ్లయితే పని త్వరగా అవుతుంది. ఎలా చూసినా రెండు మూడు నిమిషాలు నానాలి. ముఖం మీద చల్లుకున్న నీళ్లు అంతసేపు నిలుస్తాయా? జారిపోతాయి, లేదా ఆరిపోతాయి. వాటిని వెంట్రుకల దగ్గరే పట్టి ఉంచడం నురగ పని. బ్లేడు చర్మం మీద జారేలా చూడటం దాని రెండో పని.

నురగ అంటే సబ్బు నీటి పొరల మధ్య చిక్కిన గాలి. మామూలు నీటికి తలతన్యత ఎక్కువ కాబట్టి అందులో బుడగ నిలవదు. సబ్బు ఆ తలతన్యతను సగానికన్నా తక్కువకు దించి, బుడగ గోడను నిలబెడుతుంది. ఈ గోడల కూర్పును తేల్చినవారు బెల్జియం భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో. చూపు పోయాక కూడా ఇతరుల చేత ప్రయోగాలు చేయించి, 1873లో గ్రంథం వెలువరించారు. నురగలో గోడలు ఎప్పుడూ మూడేసి చొప్పున, 120 డిగ్రీల కోణంలో కలుస్తాయన్నది ఆయన సూత్రం. అవి కలిసే చోట సన్నటి కాలువలు ఏర్పడతాయి. నురగలోని నీరు చాలావరకు ఉండేది, కిందికి దిగేది వాటిలోనే. బుడగలు చిన్నవైన కొద్దీ కాలువలు సన్నబడి, నీరు నెమ్మదిగా దిగుతుంది.

అందుకే బుస్సుమని పొంగే నురగ గడ్డానికి పనికిరాదు.

ఒంటి సబ్బు నురగ త్వరగా చప్పబడటానికి కారణం కూర్పులో ఉంది. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం పెద్ద బుడగలను చకచకా ఇస్తుంది, కానీ అవి ఎక్కువసేపు ఉండవు. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువ. దాని నురగ నిదానంగా లేచినా దట్టంగా నిలుస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడటం వల్ల సబ్బు మెత్తగా ఉండి సులువుగా కరుగుతుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది.

ఇక చేతి పని. బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, బాగా విదిలించాలి. సబ్బు మీద అర నిమిషం గుండ్రంగా తిప్పితే కుచ్చుకు చిక్కటి ముద్ద పడుతుంది. తర్వాత గిన్నెలోనో ముఖం మీదో తిప్పుతూ, నీళ్లు చుక్కలు చుక్కలుగా చేర్చాలి. నురగ కళ తప్పి చర్మానికి అంటుకుంటే నీరు చాలలేదన్నమాట. కంటికి బుడగలు కనిపిస్తే నీరు ఎక్కువైంది, లేదా సబ్బు తక్కువైంది. మెరుస్తూ, చిక్కటి పెరుగులా బ్రష్ కొసన నిలిస్తే సరిగ్గా కుదిరినట్టు. గుండ్రంగా రుద్దడం వల్ల వెంట్రుకలు లేస్తాయి, వాటి మధ్యకు తడి చేరుతుంది.

ఇంత చేసినా నురగ నిలవకపోతే నీళ్లను అనుమానించాలి. తెలుగు ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకునేది అదే. అలా తెట్టయిన సబ్బు నురగకు అక్కరకు రాదు. కాచి చల్లార్చితే కొంత కఠినత్వం పోతుంది కానీ, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది పోదు. ఖరీదైన బ్రష్, విదేశీ సబ్బు కొనే ముందు ఒక రోజు గ్లాసెడు ఆర్వో నీళ్లతో నురగ తీసి చూడండి. తేడా కనిపిస్తే, మార్చాల్సింది సబ్బును కాదు.