ముద్ద కలిపే చేయి

పప్పన్నంలో నేయి వేసి, వ్రేళ్లతో కలిపి, ముద్ద చేసి నోటికి అందించుకొనుట ఎంత పని? మూడేండ్ల బిడ్డ నేర్చుకొనే పని. కాని ఆ ఒక్క ముద్దకు బొటనవ్రేలు తక్కిన నాలుగింటికి ఎదురు నిలువవలె. వ్రేళ్లు ముందు చాచుకొని, పిమ్మట ఒక్కటిగా వంగవలె. మణికట్టు నిలకడగా ఉండవలె, మోచేయి మడవవలె, భుజము ఈ బరువునంతా మోయవలె. కుడుచు చేయి గనుకనే కుడిచేయి అయినదని కొందరంటారు. ఆ చేయి పడిపోయిన నాడు మనిషి మొదట పోగొట్టుకొనేది బలం కాదు, తన అన్నం తాను తినే గౌరవం.

ఈ గౌరవాన్ని తిరిగి సంపాదించి పెట్టే విద్యకు ఆక్యుపేషనల్ థెరపీ అని పేరు. తెలుగులో వృత్తి చికిత్స అంటున్నాము గాని ఆ మాట పూర్తిగా అతకదు. ఇక్కడ వృత్తి అంటే జీవనోపాధి ఒక్కటే కాదు. బొత్తాము పెట్టుకొనుట, చెంబు ఎత్తుట, ముగ్గు వేయుట, సుద్దముక్క పట్టుట, అన్నీ దానిలోనివే. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల నెలకొల్పిన కమలా నింబ్కర్ అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన స్త్రీ.

సత్యవేడు వారికి ఈ కథ పరాయి కథ కాదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారేవరకు ఈ సీమ చెంగల్పట్టు జిల్లాలోనిది. ఆనాడు తిరుత్తణి అటు పోయినది, సత్యవేడు ఇటు వచ్చినది. 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. ఆ చెంగల్పట్టు చెంతనే, తిరుమణిలో, కుష్ఠురోగుల ఆసుపత్రి ఒకటి ఉండేది. 1947లో దానిని చూడవచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, కొల్లిమలలో పుట్టినవాడు, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తున్నాడు. తోట వెంట నడుస్తూ ఆయన గోళ్లవలె ముడుచుకొనిపోయిన చేతులను చూచినాడు. ఒక రోగి చేతిలో తన చేయి ఉంచి, గట్టిగా నొక్కుమన్నాడు. పనికిరాదనుకొన్న ఆ చేయి నొక్కిన నొక్కుకు వైద్యునికి నొప్పి పుట్టినదట!

అంత బలం ఎక్కడ దాగినది? మోచేయి ఎక్కడైనా తగిలితే జివ్వున లాగే నాడి ఒకటి ఉన్నది గదా, కుష్ఠు సూక్ష్మజీవులు దానిని చెరుస్తాయి. దానితో అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి, వ్రేళ్లు ముడుచుకొంటాయి. కాని పట్టును బిగించే పెద్ద కండరాలు ముంజేతిలో ఉన్నవి. అవి ఆరోగ్యంగానే ఉన్నవి. అయితే బాగున్న కండరం యొక్క స్నాయువును, అనగా కండను ఎముకకు కట్టి ఉంచే త్రాటిని, కొత్తచోటికి మళ్లించి ఆ వ్రేళ్లకు అతికించరాదా? 1948 నుండి బ్రాండ్ ఆ పని మొదలుపెట్టినాడు.

అయితే కత్తి పని ముగియగానే చేయి రాదు. కట్టు విప్పిన తరువాత రోగి ఒక పని తలచుకొంటే చేయి మరొక పని చేస్తుంది. నిన్నటిదాకా ఒక పనికి అలవాటుపడిన కండరం నేడు ఇంకొక పనికి కుదిరినది. ఈ బదిలీ సంగతి మెదడుకు తెలియదు. అక్షరాభ్యాసం నాటి బిడ్డవలె మరల దిద్దవలె. పలకమీద 'అ' వందసార్లు దిద్దించిన ఉపాధ్యాయునికి ఈ చికిత్సలోని మర్మం ఎవరూ చెప్పనక్కరలేదు.

అంతకంటె గట్టి చిక్కు ఒకటి ఎదురైనది. చక్కబడిన చేతులతో వెళ్లిన రోగులలో కొందరు తిరిగి వచ్చి, ఇవి బిచ్చమెత్తుటకు పనికిరాని చేతులైనవని మొరపెట్టుకొన్నారు. వంకర చేతిని చూచి జాలిపడే లోకం తిన్నని చేతిని చూచి కాసు వేయదు; కుష్ఠు మచ్చ చూచి పని ఈయదు. చేయి ఇచ్చి పని ఈయకపోతే సగమే ఇచ్చినట్లు. అందుకే 1951లో వేలూరులో నవజీవన నిలయం వెలసినది. అక్కడ వారు వడ్రంగం నేర్చి కొయ్య బొమ్మలు చేసినారు. స్పర్శ లేని చేతులు గనుక పనిముట్ల పిడులను ప్రత్యేకంగా చూచుకొనవలసి వచ్చినది. తుప్పు పట్టిన తాళాన్ని వైద్యుడు తిప్పలేకపోగా ఒక కుర్రవాడు సునాయాసంగా తిప్పినాడు. చూడగా తాళపుచెవి అతని వ్రేలిని ఎముకదాకా కోసినది, అతనికి తెలియనే లేదు. నొప్పి ఎంత పెద్ద కాపరియో!

ఆ వేలూరులోనే డాక్టరు మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది చలనం పోగొట్టుకొన్నది. కాళ్లు పోయినవి, చేతులు మిగిలినవి. చక్రాల కుర్చీలో కూర్చొని ఆ చేతులతోనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది. పెర్త్, న్యూయార్క్ నగరాలలో పునరావాస వైద్యం నేర్చి వచ్చి, వేలూరులో ఆ శాఖను నడిపినది. 1966లో బాగాయంలో పునరావాస సంస్థ తెరిచినారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చినది.

నేడు పల్లెలలో చేయి పడిపోవుటకు ఎక్కువగా పక్షవాతం కారణం. అక్కడ చెడినది నాడి కాదు, మెదడులోని ఒక భాగం. ఎడమవైపు మెదడు చెడితే కుడిచేయి పడుతుంది. ఎడమచేయి ఉన్నది గదా అని రోగి దానితోనే కాలం గడుపుతాడు. పడిన చేయి ఆ నిర్లక్ష్యానికి అలవాటుపడి, రాగల చలనాన్ని కూడ మరచిపోతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టాబ్ దీనిని గుర్తించి, మంచి చేతికి సంచివంటి తొడుగు తొడిగి, పడిన చేతిచేతనే పని చేయించినాడు. 2006లో ప్రకటించిన పరిశోధనలో 222 మందిని పరీక్షించగా, రెండు వారాలు ఇట్లు సాధన చేసినవారి చేయి మామూలు చికిత్స పొందినవారి చేతికంటె మెరుగుపడినది. అయితే మణికట్టు, వ్రేళ్లు కొంచెమైనా కదిలేవారికే ఇది పనికివస్తుంది. నేర్పరి పర్యవేక్షణలో చేయవలె.

ఇంటిలో చేసే మేలు కంటె ప్రేమతో చేసే కీడు ఒక్కొక్కప్పుడు ఎక్కువ. లేవదీసేటప్పుడు పడిన చేతిని పట్టి గుంజుతారు. భుజపు కీలు జారుతుంది. చేతకాదని కోడలో కూతురో ముద్ద కలిపి నోట పెడుతుంది. దానికి బదులు లావుపాటి పిడిగల చెంచా, జారని పళ్లెం, వెడల్పు గ్లాసు ఇచ్చి, రెండు రెట్ల కాలం పట్టినా చూస్తూ కూర్చొనుట కష్టమైన పనే. మెతుకులు చీరమీద పడతాయి. ముద్ద సగం దారిలో విరిగిపోతుంది. మరల కలుపుకొంటాడు.