బెనిడార్మ్‌లో భోజనం: జేబూ, గడియారమూ

(ఆదివారం సాయంత్రం తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

హాఫ్ టర్మ్ సెలవులు దగ్గర పడుతున్నాయి కదా, బెనిడార్మ్‌లో తక్కువ ఖర్చుతో ఎక్కడ తినాలో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇక్కడ ఇంగ్లండు నుంచి వెళ్ళేవాళ్ళకి ముందుగా చూసుకుంటే ఫ్లైటు చవగ్గానే దొరుకుతుంది, గదీ దొరుకుతుంది. తీరా వెళ్ళాక తిండి దగ్గర మనం దొరికిపోతాం. మేమూ అలాగే దొరికిపోయాం కాబట్టి ఆ కథతోనే మొదలుపెడతాను.

2017 మే నెల. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా మావయ్యగారు. మావయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, పైగా షుగరు, పూటపూటకీ మాత్రలు. నేను గుడ్డు వరకూ తింటాను. పిల్లలూ మా ఆయనా చికెన్ తింటారు. ఒక్క ఇంట్లో మూడు రకాల కంచాలన్నమాట. మొదటిరోజు సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రెస్టారెంట్లో కూర్చున్నాం. పేరు చెప్పను. మావయ్యగారికి వెజిటబుల్ సలాడ్ అని అడిగితే దాని మీద ట్యూనా చేప, గుడ్డు ముక్కలు వేసి తెచ్చారు. మేం అడగని రొట్టెకి మనిషికింత అని బిల్లు వేశారు. మొత్తం 94 యూరోలు. ఆయన తిన్నది ఆ రొట్టే.

అంతకన్నా రెండోరోజు సంగతి ముఖ్యం. లేటుగా టిఫిన్ చేసి, బీచిలో ఆడుకుని, సాయంత్రం నాలుగున్నరకి భోజనానికి బయల్దేరాం. నిన్నటి అనుభవంతో సముద్రం వైపు కాకుండా వెనక వీధుల్లో వెతుకుతున్నాం. ఎక్కడికెళ్ళినా కుర్చీలున్నాయి, మనుషులున్నారు, వంటిల్లు మాత్రం మూసేశారు. "కొసీనా సెర్రాదా" అంటున్నారు. మూడో చోటికి వెళ్ళేసరికి మావయ్యగారికి చెమటలు పట్టేశాయి. "ఏం లేదమ్మా, ఎండకి" అంటున్నారు గానీ చేతులు వణుకుతున్నాయి. బెంచి మీద కూర్చోబెట్టి, మా ఆయన పరిగెత్తి నారింజరసం తెచ్చి తాగించాక, పావుగంటకి తేరుకున్నారు. ఆ పావుగంట నేను ఎప్పటికీ మర్చిపోలేను.

మర్నాడు మా అపార్ట్‌మెంట్ రిసెప్షన్లో ఉన్న ఆవిడకి ఇదంతా చెప్పుకున్నాను. ఆవిడ గోడ గడియారం వైపు చూపించి, రెండు వేళ్ళు ఎత్తి, "మెనూ" అంది. రెండు గంటలకి వెళ్ళమని. ఆ ఒక్క మాటతో మా ఖర్చు సగానికి పైగా తగ్గింది.

సంగతేమిటంటే, స్పెయిన్‌లో పెద్ద భోజనం మధ్యాహ్నమే. ఒకటిన్నర నుంచి నాలుగు లోపు. రాత్రి వంటిళ్ళు మళ్ళీ తెరిచేది ఎనిమిదిన్నర ప్రాంతంలో. మధ్యలో కాఫీ, శాండ్విచ్ లాంటివి దొరుకుతాయి గానీ వేడి భోజనం కష్టం. ఆ మధ్యాహ్న భోజనానికి "మెనూ దెల్ దియా" అని ఒక పద్ధతి ఉంది. దియా అంటే రోజు. ఒకే ధరకి మొదటి వంటకం ఒకటి, రెండో వంటకం ఒకటి, పండో స్వీటో కాఫీయో, మామూలుగా రొట్టె, ఒక డ్రింకు కూడా. మన ఊళ్ళల్లో మీల్స్ హోటల్ బోర్డు లాంటిదే అనుకోండి, అడిగినకొద్దీ వడ్డించరు, అంతే తేడా.

దీని వెనక కథ కూడా ఉంది. 1964లో ఫ్రాంకో ప్రభుత్వంలో టూరిజం మంత్రిగా ఉన్న మాన్యుయెల్ ఫ్రాగా, విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి నిర్ణీత ధరకి భోజనం పెట్టాలని రెస్టారెంట్లకి ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని "టూరిస్టు మెనూ" అనేవారు. కాలక్రమేణా అది అక్కడి ఉద్యోగస్తులు, కూలిపని చేసుకునేవాళ్ళు రోజూ తినే భోజనంగా మారిపోయింది. ఇప్పుడు ధర ప్రభుత్వం పెట్టదు, ఎవరి ధర వాళ్ళదే. 2017లో మేము తిన్న చోట 9 యూరోల 50 సెంట్లు. ఈమధ్య వెళ్ళినప్పుడు చూసినవి ఎక్కువగా 12 నుంచి 16 లోపు. ఇది సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం మాటే. శని ఆదివారాల్లో ఉండకపోవచ్చు, ఉన్నా ధర పెరుగుతుంది.

ఆ మూడోరోజు లెక్క చెప్తాను. పెద్దవాళ్ళం ముగ్గురికి మూడు మెనూలు, 28 యూరోల 50. పిల్లలకి ఒక ఆలుగడ్డ ఆమ్లెట్ 5, వేయించిన బంగాళదుంపలు 4.50. మొత్తం 38. మొదటిరోజు 94 ఎక్కడ, ఇది ఎక్కడ! ఒక మెనూని ఇద్దరు పంచుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకోరు, అందుకే పిల్లలకి విడిగా చెప్పాం. విడిగా చెప్పేటప్పుడు "మెదియా రసియోన్" అంటే సగం ప్లేటు, "రసియోన్" అంటే పూర్తి ప్లేటు. ఇది తెలియక చాలామంది ఎక్కువ చెప్పేసి పారేస్తుంటారు.

ఇక ఎక్కడ వెతకాలి? బెనిడార్మ్‌కి రెండు పెద్ద బీచులు. తూర్పున లెవాంతె, పడమట పోనియెంతె. రెండింటి మధ్య సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండరాయి మీద పాత ఊరు. లెవాంతె చివర రింకోన్ దె లొయిష్ అనే పేటంతా బ్రిటిష్ పబ్బులే. గుడ్లు, బీన్స్, టోస్టు పొద్దుట్నుంచీ దొరుకుతాయి, చవకే. కొంతమంది వాటిని చూసి మొహం చిట్లిస్తారు గానీ, నాకైతే కృతజ్ఞతే. అక్కడ వంటిల్లు మధ్యాహ్నం మూయరు. షుగరున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే అలాంటి చోటు ఒకటి గుర్తుపెట్టుకోవడం మంచిది.

పాత ఊళ్ళో సాంతొ దొమింగొ వీధి, దాని చుట్టుపక్కల టాపాస్ బార్లు వరసగా ఉంటాయి. రొట్టె ముక్క మీద ఏదో పెట్టి పుల్ల గుచ్చి ఇస్తారు, చివర్లో పుల్లలు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. సరదాగా ఉంటుంది. కానీ ఆకలితో వెళ్తే పుల్లలు ఎన్నయ్యాయో తెలియదు, చవకనుకున్నది చవక కాకుండా పోతుంది. ఒకరికి రెండు అని ముందే అనుకుని వెళ్ళండి.

అసలు చవక భోజనం సముద్రానికి వీపు పెట్టి నడిస్తే దొరుకుతుంది. ట్రామ్ స్టేషన్ వైపు ఎత్తు ఎక్కే కొద్దీ టూరిస్టులు పలచబడి, అక్కడే కాపురం ఉండేవాళ్ళు కనిపిస్తారు. డెబ్భై వేలకి పైగా మనుషులు ఏడాది పొడుగునా ఉండే ఊరది. హోటళ్ళలో పక్కలు సర్దేవాళ్ళు, బస్సు నడిపేవాళ్ళు కూడా ఎక్కడో తినాలి కదా! ఇంకో గుర్తు, స్పానిష్ పెన్షనర్లు. వాళ్ళ ప్రభుత్వం 1985 నుంచి ఇమ్‌సెర్సో అనే పథకం కింద పెద్దవాళ్ళని తక్కువ ధరకి సీజను కాని నెలల్లో విహారయాత్రలకి పంపుతోంది, బెనిడార్మ్‌కి చాలామంది వస్తారు. తలనెరిసిన నలుగురు స్పానిష్ వాళ్ళు రెండింటికి ఎక్కడ కూర్చున్నారో చూసి పక్క టేబుల్లో కూర్చోండి. వాళ్ళు మోసపోయే రకం కాదు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. "సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా అని అడిగితే, హామ్ ముక్కలో ట్యూనానో వేసి తెచ్చే అవకాశం ఉంది. వాళ్ళ లెక్కలో అవి కార్నె కిందకి రావు! "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్" అని అన్నీ విడివిడిగా చెప్పాలి. గుడ్డు తినకపోతే "సిన్ ఊఎవొ" కూడా. పప్పు అని ఆశపడి లెంతెహాస్ చెప్పామా, అందులో చొరీసొ అనే పంది మాంసం సాసేజ్ ఉంటుంది చాలాసార్లు. కూరగాయల అన్నం అన్నా చేపల నీళ్ళతో వండారేమో అడగాలి.

మెనూలో రెండో వంటకాలన్నీ దాదాపు మాంసం, చేపలే. దానికి ఉపాయం, "దోస్ ప్రిమెరోస్" అని అడగడం. అంటే రెండో వంటకం బదులు మొదటివే రెండు ఇమ్మని. చాలాచోట్ల కాదనరు. మావయ్యగారు ఒక గస్పాచొ, ఒక కాల్చిన కూరగాయల ప్లేటు, చివర్లో పండు తినేవారు. గస్పాచొ అంటే టమాటాలు, దోసకాయ, వెల్లుల్లి రుబ్బి చల్లగా ఇచ్చే సూపు. "తాలింపు పెట్టడం మర్చిపోయిన టమాటా చారు" అన్నారు ఆయన. అన్నా, మొత్తం తాగేవారు.

బిల్లు దగ్గర చూడాల్సినవి చెప్తాను. పయేయా ధర చూసి సంతోషించకండి. అది మనిషికి, కనీసం ఇద్దరికి చెప్పాలి అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫుట్‌పాత్ మీద ఊరంతా ఒకే ఫోటోలతో పయేయా బోర్డులు కనిపిస్తే అవి చాలావరకు ఫ్యాక్టరీలో చేసి ఫ్రీజర్లో పెట్టినవి. చేపల పక్కన అంకె లేకుండా "సెగూన్ మెర్కాదో" అని ఉంటే ఆరోజు మార్కెట్ ధర అని అర్థం, అడగకుండా చెప్పొద్దు. బయట కుర్చీలకి లోపలి కన్నా ఎక్కువ ధర ఉండొచ్చు, బోర్డు మీద రాస్తారు. అడగని రొట్టె వస్తే ముట్టుకోకుండా వెనక్కి పంపండి. మంచినీళ్ళకి డబ్బు పెట్టక్కర్లేదు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం రెస్టారెంట్లు, బార్లు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, "ఆగ్వా దెల్ గ్రీఫొ" అని అడగండి. టిప్పు తప్పనిసరి కాదు.

పొద్దున పదింటికి ఆ ప్రాంతం వాళ్ళు "అల్మూయెర్సొ" అని ఒకటి తింటారు. పొడుగు రొట్టెలో కూరింది, పక్కన ఆలివ్‌లు, వేరుశనగలు, డ్రింకు, కాఫీ. పల్లీలు చూసి మావయ్యగారి మొహం వెలిగిపోయింది. బేకరీలని అక్కడ "ఓర్నొ" అంటారు. కూరగాయలు పరిచి కాల్చిన "కోకా" అనే రొట్టె కొంటే ఒక పూట గడిచిపోతుంది, చేప ఉందేమో అడిగి కొనండి.

సాయంత్రం ఏడింటికి మావయ్యగారు తినాలి, ఎనిమిదిన్నర దాకా ఆగలేరు. అందుకని తర్వాత రెండుసార్లూ వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకున్నాం. సూపర్‌మార్కెట్లో ఉడికించిన శనగలు గాజు సీసాల్లో చాలా చవగ్గా దొరుకుతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పడితే గుగ్గిళ్ళు సిద్ధం. పెరుగు, అన్నం, టమాటాలు. ఆ టమాటాలకి రుచి ఉంటుందండీ, ఇక్కడ మనం తినేవాటిలా కాదు.

ఇక్కణ్ణుంచి ఏం పట్టుకెళ్ళొచ్చు అంటే, 2021 జనవరి నుంచి రూల్సు మారాయి. ఇంగ్లండు నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. నెయ్యి సీసా, పనీర్, పాలకోవా ఏవీ కుదరవు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. కందిపొడి, కారప్పొడి, పోపుగింజలు పట్టుకెళ్ళండి. ఆవకాయ అయితే చెక్-ఇన్ సామాన్లో పెట్టి, మూడు కవర్లు చుట్టండి. మేము రెండే చుట్టాం, మా ఆయన తెల్లచొక్కా ఇప్పటికీ పసుపు రంగులోనే ఉంది.

ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయా అని ఎలాగూ అడుగుతారు. ఉన్నాయి, చాలానే. నాలుగు రోజులకి ఒకసారి నాలుక చచ్చిపోయినప్పుడు వెళ్ళాం. రోజూ వెళ్తే బడ్జెట్ నిలవదు.

చివరిగా, షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు భోజనం వేళలు మారతాయని వెళ్ళేముందే మీ డాక్టరుకి చెప్పి, మందుల టైము ఎలా మార్చాలో అడగండి. చేతిసంచిలో గ్లూకోజ్ బిళ్ళలు, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఉంచుకోండి. మావయ్యగారి చొక్కా జేబులో ఇప్పుడు ఎప్పుడూ ఉంటాయి, లీడ్స్ వెళ్ళినా సరే.