ఒకటో తారీఖు చీటీ... ఇరవయ్యో తారీఖు చిల్లర!

ఒకటో తారీఖు వచ్చిందంటే చాలు... చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ కిరాణా కొట్ల ముందు ఒకటే సందడి. ఒకరి చేతిలో నెల సరుకుల చీటీ, మరొకరి చేతిలో నాలుగు గుడ్డసంచులు. సన్నబియ్యం పాతవేనా, కందిపప్పు తాండూరుదేనా, కిలోకి రెండు రూపాయలు తగ్గించరా... ఇలా సాగుతాయి బేరాలు. బస్తా మీద ఓ యాభై తగ్గితే ఆ రోజంతా సంతోషమే.

మరి ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి ఏమవుతోంది? డబ్బాలో బియ్యం ఉంటాయి, పప్పు ఉంటుంది, నూనె ఉంటుంది. పర్సులో డబ్బే ఉండదు! సరుకులన్నీ ముందే కొనేశాం కదా, ఇంక డబ్బెక్కడికి పోయినట్టు?

చిల్లు ఎక్కడుంది?

దీనికి జవాబు మన వంటింట్లోనే కాదు, ప్రభుత్వ లెక్కల్లోనూ ఉంది. కేంద్ర గణాంక శాఖ 2023-24లో గృహ వినియోగ వ్యయ సర్వే చేసింది. దాని ప్రకారం పట్టణాల్లో సగటున వంద రూపాయల ఖర్చులో తిండికి పోయేది దాదాపు 40 రూపాయలు. అందులో బియ్యం, గోధుమల్లాంటి తిండిగింజల వాటా నాలుగు రూపాయల లోపే. కూల్‌డ్రింకులు, చిరుతిళ్లు, ప్యాకెట్ ఆహారం, బయట తినే టిఫిన్లు, భోజనాలు... వీటన్నింటి వాటా మాత్రం 11 రూపాయల పైమాటే!

అంటే మనం గట్టిగా బేరమాడేది నాలుగు రూపాయల దగ్గర. చూసీచూడనట్టు వదిలేసేది పదకొండు రూపాయల దగ్గర.

ఓ చిన్న లెక్క వేద్దాం. బియ్యం కిలో 60 రూపాయలనుకుంటే 26 కిలోల బస్తా 1,560 అవుతుంది. కిలోకి రెండు రూపాయలు తగ్గిస్తే మిగిలేది 52. అదే ఇంట్లో సాయంత్రం పూట సమోసాలకో, పిల్లల చిప్స్ ప్యాకెట్లకో రోజుకి 60 రూపాయలవుతున్నాయనుకోండి. నెల తిరిగేసరికి 1,800! బియ్యం బస్తా కంటే ఎక్కువే. అయినా చీటీలో ఎక్కడా కనపడదు. చీటీలో లేని ఖర్చుకి అదుపూ ఉండదు మరి.

పైగా ఇప్పుడంతా ఫోన్ చెల్లింపులు. నోటు మార్చేటప్పుడు 'అయ్యో, అయిదొందలు విరిగిపోతోందే' అనిపించేది. స్కాన్ చేస్తే ఆ బాధ లేదు. నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లదీ ఇదే దారి. కావాల్సింది పెరుగు ప్యాకెట్ ఒక్కటే. డెలివరీ ఉచితం కావాలని ఇంకో రెండు వస్తువులు కలుపుతాం. పైన హ్యాండ్లింగ్ ఛార్జీ ఒకటి. నెలాఖరున ఫోన్‌లో చెల్లింపుల జాబితా తెరిచి, వంద రూపాయల లోపు ఖర్చులన్నీ కూడి చూడండి. చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది.

కిలో ధరే కొలబద్ద

ఇక కొనే దగ్గరికి వద్దాం. తోపుడు బండి మీద ధర ఎప్పుడూ పావుకిలోకే చెబుతారు. 'పావు ఇరవై' అంటే చవకే అనిపిస్తుంది. కిలోకి 80 అని గుర్తొస్తే చెయ్యి కాస్త ఆగుతుంది. అందుకే ఏ ధర విన్నా వెంటనే కిలోలోకి మార్చుకోవడం అలవాటు చేసుకోవాలి.

ప్యాకెట్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. బియ్యం, టీపొడి, బిస్కెట్ల వంటి వాటిని ఫలానా సైజుల్లోనే అమ్మాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2021 సవరణతో దాన్ని తీసేశారు. ఇప్పుడు కంపెనీలు ఏ సైజులోనైనా ప్యాక్ చేసుకోవచ్చు. ధర మారదు, లోపలి గ్రాములు తగ్గుతాయి. దీనికి విరుగుడుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా ప్యాకెట్ మీద వేయాలన్న నిబంధన వచ్చింది. 2024 నుంచి అది తప్పనిసరి. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవాల్సింది దాన్నే!

నూనె ప్యాకెట్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి, అంతకంటే తక్కువ తూగేవీ షాపుల్లో ఉంటాయి. పది రూపాయలు తక్కువని మురిసిపోయే ముందు గ్రాములు చూడాలి.

బియ్యం బస్తా 26 కిలోలే ఎందుకుంటోందని ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేశారు. అంతకు మించిన బస్తాకి పన్ను లేదు. అలా 26 కిలోల బస్తా వచ్చింది. అందుకే 25 కిలోల బస్తానీ 26 కిలోల బస్తానీ పక్కపక్కన పెట్టి ధర పోల్చకూడదు. ఇక్కడా కిలో లెక్కే వేసుకోవాలి.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ లాభమేనా అంటే, కాదు. ఇద్దరే ఉండే ఇంట్లో అయిదు కిలోల గోధుమపిండి కొని, సగానికి పురుగు పడితే చవక కాస్తా ఖరీదవుతుంది.

కాలం చూసి కొంటే...

మన పెద్దవాళ్లు చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు ఏడాదికోసారి కొనేవారు. అందులో లెక్క ఉంది. కందుల కొత్త పంట చలికాలంలో వస్తుంది. మిర్చి, చింతపండు సంక్రాంతి తర్వాత మొదలై ఎండలు ముదిరే దాకా మార్కెట్‌కి చేరతాయి. ఇప్పటి ఫ్లాట్లలో ఏడాది సరుకు నిల్వ పెట్టే చోటు లేదు, నిజమే. కానీ అపార్ట్‌మెంట్‌లో మూడు కుటుంబాలు కలిసి పది కిలోలు తెచ్చుకుని పంచుకోవచ్చుగా!

బేగంబజారు మనకేమంత దూరం కాదు. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల మీదుగా ఎంజీబీఎస్ వెళ్లే మెట్రో 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఎంజీబీఎస్‌లో దిగితే బేగంబజారు దగ్గరే. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అఫ్జల్‌గంజ్‌లో దిగితే సరి. అయితే రానూపోనూ ఆటోకి మూడొందలు పోసి, సరుకుల మీద రెండొందలు మిగుల్చుకోవడం మాత్రం పొదుపు కాదు. దారి ఖర్చు కూడా చీటీలో రాయాల్సిందే.

కూరగాయలకు వారం చీటీ వేసుకోవాలి. చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్లినా, నారాయణగూడకి వెళ్లినా... ముందు ఫ్రిజ్ తలుపు తీసి చూసి బయల్దేరాలి. కింది అరలో వాడిపోయిన కొత్తిమీర, మెత్తబడ్డ దోసకాయ కూడా డబ్బే కదా. ధర మండిపోతున్న కూరగాయని పట్టుకుని వేలాడనక్కర్లేదు. 2023 జులైలో టమాటా ధర ఆకాశాన్నంటినప్పుడు ఎన్నో ఇళ్లలో చింతపండు పులుసు, మామిడికాయ ఒరుగులే ఆదుకున్నాయి.

రూములో లెక్కల పుస్తకం

ఈ లెక్కల విషయంలో కుటుంబాలకంటే పక్కాగా ఉండేది అశోక్‌నగర్ కుర్రాళ్లే. గ్రూప్స్, ఎస్సై ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ రూములు తీసుకునే వాళ్లకి రూపాయి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఊరి నుంచి నాన్న పంపే డబ్బు అది. చాలాసార్లు పంట అమ్మిన డబ్బు.

గ్రూప్-2 సంగతే చూడండి. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పలుమార్లు వాయిదా పడి, చివరికి పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. ఆర్నెల్లు చదివి రాసేద్దామని వచ్చినవాళ్లకి రెండేళ్లు పట్టింది. వాయిదా అంటే మనకి పేపర్లో ఓ వార్త. ఆ రూములో మాత్రం ఇంకో నాలుగు నెలల అద్దె, ఇంకో నాలుగు బియ్యం బస్తాలు.

నలుగురు కలిసి ఉండే రూములో సాధారణంగా ఓ లెక్కల పుస్తకం ఉంటుంది. బియ్యం, గ్యాస్, నూనె ఉమ్మడి ఖాతా. టీ, టిఫిన్, రీఛార్జి ఎవరివి వాళ్లవే. ఎవరు ఏం తెచ్చినా ఆ రాత్రే రాయాలి. ఈ పద్ధతి కుటుంబాలూ నేర్చుకోవచ్చు.

అన్నం రూములో వండుకుని, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. పూటకి రెండు ప్యాకెట్లు, ఒక్కోటి 40 రూపాయలనుకుంటే రెండు పూటలకు 160. నెలకి 4,800. ఒక్క పూట పప్పో, కోడిగుడ్డు కూరో వండుకుంటే అందులో సగం ఖర్చు చేతిలోకి వస్తుంది. వండిన దానికయ్యేది తీసేసినా మిగులు బాగానే ఉంటుంది.

అయితే ఒక్క మాట. పొదుపు పేరుతో కడుపు మాడ్చుకోవద్దు. టిఫిన్ మానేసి, టీలతో మధ్యాహ్నం దాకా నెట్టుకొస్తే పరీక్ష నాటికి ఒంట్లో ఓపిక మిగలదు. నగరంలో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం దొరుకుతోంది. అన్నపూర్ణ పేరుతో మొదలైన ఈ కేంద్రాలు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. నెలాఖరులో అక్కడ వరసలో నిలబడటానికి నామోషీ ఎందుకు? ఖర్చు తగ్గించాల్సింది చిరుతిండిలో... పప్పు, గుడ్డు, పాలలో కాదు.

మూడు కవర్లు చాలు

ఇక మన ఇంటికి వద్దాం. జీతం రాగానే తిండి ఖర్చుని మూడు కవర్లలో పెట్టి చూడండి. మొదటిది నెల సరుకులకి. రెండోది వారం వారం కూరగాయలు, పండ్లకి. దీన్ని నాలుగు భాగాలు చేయాలి. మూడోది పాలు, పెరుగు, చిరుతిళ్లు, బయటి తిండికి. అసలు కిటుకంతా ఈ మూడో కవర్లోనే ఉంది. దాన్ని మూడు పది రోజులకు పంచుకోవాలి. మొదటి పదిరోజుల వాటా అయిపోతే రెండో వాటా ముట్టుకోకూడదు. పిల్లలకి కూడా ఆ కవర్ చూపించండి. 'డబ్బుల్లేవు' అంటే అలుగుతారు. 'ఇంత ఉంది, ఆదివారం దోశ తిందామా, ఇవాళ చిప్స్ కొందామా?' అంటే వాళ్లే తేలుస్తారు.

రేషన్ కార్డున్న కుటుంబాలకు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. దాదాపు ఓ బస్తా ఖర్చు తప్పినట్టే. అలాగే 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇలా మిగిలిన డబ్బుకి కూడా ఓ పేరు పెట్టాలి. స్కూలు ఫీజనో, పండగనో, మందులనో పక్కన పెట్టాలి. లేకపోతే అదీ చిల్లరలోనే కొట్టుకుపోతుంది.

మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో దాచింది పెద్ద పెద్ద మొత్తాలేం కాదు. సరుకులు కొనగా మిగిలిన చిల్లరే. ఏ రాత్రో జ్వరమొచ్చినా, ఫీజు తక్కువ పడినా ఆదుకున్నది అదే. వచ్చే ఒకటో తారీఖున చీటీ రాసేటప్పుడు బియ్యం, పప్పులతో పాటు సమోసాలు, చిప్స్, డెలివరీ ఛార్జీలు కూడా ఓ వరసలో రాయండి. ఇరవయ్యో తారీఖున పర్సు తెరిస్తే తేడా మీకే తెలుస్తుంది!