ఓడ మునిగినా గ్రూ మునగలేదు

గ్రూ ఒక వెర్రిబాగుల కత్తివీరుడు. చేతుల్లో రెండు కత్తులుంటాయి, బుర్రలో మాత్రం ఏమీ ఉండదు. వాడు కాలుపెట్టిన ఓడ మునగక మానదు. వాణ్ని అచ్చువేసిన సంస్థలకూ అదే గతి పడుతుందని అమెరికా కామిక్స్ అభిమానులు వేళాకోళమాడుతుంటారు. 1982లో గ్రూ పత్రికను మొదలుపెట్టిన పసిఫిక్ కామిక్స్ 1984లోనే మూతపడింది. ఆ తర్వాత ఒక ప్రత్యేక సంచిక వేసిన ఎక్లిప్స్ 1990ల మధ్యలో కనుమరుగైంది. ఏకంగా 120 సంచికలు వేసిన మార్వెల్ కూడా, గ్రూ వెళ్లిపోయాక 1996లో దివాలా పిటిషన్ పట్టుకుని కోర్టుకెక్కింది. ఆ మాట నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. అయితే ఇన్ని ఓడలు మునిగినా గ్రూ ఎలా తేలాడన్నది అసలు ప్రశ్న. వాడి మీద హక్కు ఏ సంస్థదీ కాదు, వాణ్ని గీసిన సెర్జియో అరగోనెస్‌ది. ఆ హక్కును వదులుకోనంటూ ఏళ్ల తరబడి గ్రూని సొరుగులోనే దాచుకున్న ఆయనకు, నీ బొమ్మ నీదేనని చెప్పి పత్రిక నడిపే అవకాశమిచ్చిన సంస్థ పసిఫిక్. అందుకే ఆ సంస్థను అది బతికిన ఏళ్లతో కాకుండా అది రాసుకున్న ఒప్పందాలతో కొలవాలి.

ఆ ఒప్పందాల విలువ తెలియాలంటే అంతకుముందున్న పద్ధతిని చూడాలి. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు అమ్మేశారు. ఆ బేరమే ఆ రంగానికి ఆనవాయితీ అయింది. పేజీకి ఇంతని కూలి చేతిలో పడేది, కథా పాత్రా కంపెనీకి దక్కేవి. చాలాకాలం దీనికి వేరే దస్తావేజు కూడా ఉండేది కాదు. కంపెనీ ఇచ్చే చెక్కు వెనక, హక్కులన్నీ వదులుకుంటున్నట్టు నాలుగు ముక్కలు అచ్చువేసి ఉండేవి. చిత్రకారుడు డబ్బు కోసం వాటి కింద సంతకం పెట్టక తప్పేది కాదు. కూలి తీసుకోవడమూ హక్కు వదులుకోవడమూ ఒకే సంతకంతో తేలిపోయేవి. కెప్టెన్ అమెరికా, ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్ లాంటి పాత్రల సృష్టిలో భాగం పంచుకున్న జాక్ కిర్బీ తన చేత్తో గీసిన అసలు పేజీల కోసం కూడా మార్వెల్‌తో పోరాడాల్సి వచ్చింది. 1987లో ఆయనకు తిరిగొచ్చినవి సుమారు 2,000 పేజీలు. ఆయన గీసినవి దానికి ఎన్నో రెట్లు.

పసిఫిక్‌ను నడిపిన బిల్, స్టీవ్ షేన్స్ సోదరులు చదువుకునే వయసులోనే, 1971లో, శాన్‌డియేగో నుంచి పోస్టులో కామిక్స్ అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత దుకాణాలు తెరిచారు, ఆపైన టోకు వ్యాపారంలోకి దిగారు. అప్పటికి అమ్మకాల తీరు మారుతోంది. పత్రికల బడ్డీల్లో అమ్ముడుపోని కాపీల అట్టలు చించి పంపితే కంపెనీ డబ్బు వాపసు ఇచ్చేది. ఆ నష్టం తట్టుకోవడం పెద్ద సంస్థలకే సాధ్యం. 1970లలో ఫిల్ స్యూలింగ్ అనే న్యూయార్క్ వ్యాపారి మరో దారి తెరిచాడు. కామిక్స్ దుకాణాలు ముందుగా ఆర్డరిస్తాయి, తక్కువ ధరకు కొంటాయి, మిగిలినవి తిరిగివ్వవు. దీనితో ఎన్ని కాపీలు పోతాయో అచ్చుకు ముందే తేలిపోతుంది. చిన్నవాడికి అది వరం. ఆ ధైర్యంతోనే షేన్స్ సోదరులు 1981లో కిర్బీ చేత ‘కెప్టెన్ విక్టరీ’ తెచ్చారు. మార్వెల్ పత్రికలు 50 సెంట్లున్న రోజుల్లో దాని ధర ఒక డాలర్. పాత్ర మీద హక్కు కిర్బీది, అమ్మకాల మీద రాయల్టీ కూడా ఆయనకే. మైక్ గ్రెల్ ‘స్టార్‌స్లేయర్’, నీల్ ఆడమ్స్ ‘మిజ్ మిస్టిక్’ ఆ వెనకే వచ్చాయి. ‘స్టార్‌స్లేయర్’ రెండో సంచికలో కొన్ని పేజీలు ఖాళీగా మిగిలితే, వాటిని నింపడానికి డేవ్ స్టీవెన్స్ ఒక చిన్న కథ గీశాడు. వీపుకు రాకెట్ కట్టుకుని ఎగిరే కుర్రాడి కథ అది, పేరు ‘రాకెటీర్’. 1991లో డిస్నీ దాన్ని సినిమాగా తీసింది.

ఇందులో పసిఫిక్ గొప్పేముంది, ఇది అంతకుముందే జరిగింది కదా అని అడగవచ్చు. అడగాల్సిందే. 1977లోనే డేవ్ సిమ్ ‘సెరెబస్’ను, 1978లో పీనీ దంపతులు ‘ఎల్ఫ్‌క్వెస్ట్’ను సొంతంగా అచ్చువేసుకున్నారు. ఎక్లిప్స్ ‘సేబర్’ తెచ్చింది కూడా 1978లోనే. కాబట్టి మొదటి స్థానం పసిఫిక్‌ది కాదు. కానీ అవన్నీ నలుపు తెలుపు పుస్తకాలు, ప్రధాన వీధికి పక్క సందులో తెరిచిన కొట్లు. పసిఫిక్ మార్వెల్ పక్కనే అదే సైజులో, అదే రంగుల్లో, మార్వెల్‌ను నిలబెట్టిన చిత్రకారుడినే తెచ్చి కూర్చోబెట్టింది. హక్కు అడగడం కొత్తవాళ్ల పంతం కాదు, పెద్దవాళ్ల న్యాయమైన వాటా అని అప్పుడు అందరికీ కనబడింది.

ఇంకొక ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. ఆ పద్ధతి అంత మంచిదైతే ప్రచురణకర్తగా ఆ సంస్థ నాలుగేళ్లు కూడా ఎందుకు నిలవలేదు? హక్కులిచ్చి చెడిపోయిందనడం సుళువు. కొంత నిజం లేకపోలేదు. ‘మిజ్ మిస్టిక్’ మొదటి సంచిక 1982 అక్టోబరు తేదీతో వస్తే, రెండోది 1984 ఫిబ్రవరి తేదీతో వచ్చింది. సొంతదారుడి మీద గడువు పేరుతో కర్ర ఎత్తేవాడు ఉండడు మరి. ముందే ఆర్డరిచ్చిన దుకాణదారు పదహారు నెలలు కాచుకోవాలి. కానీ దివాలా తీయించింది ఈ ఒక్కటే కాదు. ప్రచురణకర్తా పసిఫిక్కే, టోకు వర్తకుడూ అదే. టోకు వ్యాపారమంటే అరువు మీద నడిచేది. సరుకు తిరిగిరాదు, డబ్బు మాత్రం ఆలస్యంగా వస్తుంది, ప్రెస్సువాడు ఆగడు. ఆ స్థితిలో పత్రికల సంఖ్య పెంచుకుంటూ పోతే ఒక పడవకు పడ్డ చిల్లు రెండోదాన్నీ ముంచుతుంది. ఈ తప్పులు లెక్కల పుస్తకానివి. హక్కు కంపెనీ దగ్గరే ఉన్నా అరువు అరువే. పైగా హక్కులన్నీ గుప్పిట్లో ఉన్న మార్వెల్ కూడా దివాలాకు అతీతం కాలేదు.

పెద్ద సంస్థల తీరు మారడానికి కారణం పసిఫిక్ ఒక్కటే అనడం కూడా అతిశయోక్తే. డీసీ, మార్వెల్ కూడా దాదాపు అదే కాలంలో రాయల్టీలు ప్రకటించాయి. అయితే రాయల్టీ వేరు, యాజమాన్యం వేరు. పంటలో భాగమిచ్చినంత మాత్రాన పొలం కౌలుదారుడిది అయిపోదు. పసిఫిక్ ఇచ్చింది పొలం. దాని ఫలితం సంస్థ మూతపడిన రోజునే తెలిసింది. మామూలుగా కంపెనీ దివాలా తీస్తే పాత్రలూ ఆస్తుల జాబితాలో చేరి, ఎవరికో వేలంలో పోతాయి. పసిఫిక్ మూతపడ్డప్పుడు చిత్రకారులు తమ కథలు తాము చంకన పెట్టుకుని నడిచి వెళ్లారు. ‘స్టార్‌స్లేయర్’ అంతకుముందే ఫస్ట్ కామిక్స్‌కు చేరింది, ‘రాకెటీర్’ ఎక్లిప్స్‌కు, తర్వాత కోమికోకు మారింది. 1992లో మార్వెల్‌ను వదిలి వచ్చిన ప్రసిద్ధ చిత్రకారులు ఇమేజ్ కామిక్స్ పెట్టి, మా బొమ్మలు మావేనని ప్రకటించినప్పుడు అది ఎవరికీ వింత మాటగా అనిపించలేదు. గ్రూ కూడా కొన్నాళ్లు ఆ ఇమేజ్ గడపలోనే ఉండి, తర్వాత డార్క్ హార్స్‌కు మారాడు. ఓడ మారిన ప్రతిసారీ అట్ట మీద సంస్థ పేరు మారింది. హక్కుదారు పేరు మాత్రం అరగోనెస్‌దే.