ఏజెంటు రాసిన ఐదేళ్లు

మొన్న ఆదివారం మేం దుబాయ్ సోనాపూర్‌లో ఒక లేబర్ క్యాంపుకు వెళ్లాం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ అన్న ఒకాయన సామాను సర్దుకుని టికెట్ కోసం కూచుని ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. వచ్చి నాలుగు నెలలే అయింది. పనిలో వంక లేదు, ఎవరితో గొడవ లేదు. కాగితం దగ్గర దొరికిపోయాడు.

ఆయన కంపెనీకి సబ్‌స్టేషన్ పని ఒకటి వచ్చింది. పని ఇచ్చినవాళ్లు ప్రతి ఎలక్ట్రీషియన్ అనుభవం సరిచూసి పంపమన్నారు. ఆఫీసువాళ్లు ఫైలు తీస్తే, 2016 నుంచి 2021 దాకా హైదరాబాద్‌లో పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉంది. దానికే జతచేసిన పాత పాస్‌పోర్టులో అవే ఏళ్లకు మస్కట్ వీసా, ఎయిర్‌పోర్టు ముద్రలు ఉన్నాయి. ఒక మనిషి రెండు చోట్ల ఎట్లా ఉంటాడు? లెటర్‌హెడ్ మీది నంబరుకు ఫోన్ కొడితే ఎవరో నిద్రలోంచి లేచినట్టు "ఎవలు కావాలె?" అన్నాడట. అక్కడితో అయిపోయింది.

"నాకేం తెల్సు సార్. కాయితం ఉందా అని ఏజెంటు అడిగిండు. లేదన్న. నేను చూస్కుంట తీ అని ఆరు వేలు తీస్కున్నడు" అన్నాడు ఆ అన్న.

మాకు బాధ కలిగించింది ఇంకొకటి. ఆ ఐదేళ్లూ ఆయన మస్కట్‌లో నిజంగా ఎలక్ట్రీషియన్ పనే చేశాడు. కేబుల్ లాగాడు, ప్యానెల్ బోర్డులు బిగించాడు. 2021లో సెలవు మీద ఇంటికొచ్చి మళ్లీ పోలేదు. కంపెనీని సర్టిఫికెట్ అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. చేసిన పనికి కాగితం లేదు, చెయ్యని పనికి ఉంది. ఇప్పుడు ఆఫీసులో ఆయన నోటిమాట ఎవరూ నమ్మడం లేదు.

యూఏఈ 2021 లేబర్ చట్టం 44వ ఆర్టికల్ ప్రకారం దొంగ సర్టిఫికెట్ పెట్టినవాడిని నోటీసు లేకుండా తీసేయొచ్చు. సౌదీలో 80వ ఆర్టికల్ అదే చెబుతుంది, అక్కడ సర్వీసు డబ్బు కూడా పోతుంది. కాగితం ఏజెంటు రాసినా దాని మీద పేరు మనదే కదా.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అవే చట్టాల్లో కంపెనీ మనకు ఇవ్వాల్సిందీ రాసి ఉంది. యూఏఈలో 13వ ఆర్టికల్, సౌదీలో 64వ ఆర్టికల్ చూడండి. పని మానేటప్పుడు మనం అడిగితే కంపెనీ పైసా తీసుకోకుండా అనుభవ పత్రం ఇవ్వాలి. ఏ తేదీన చేరాం, ఏ తేదీన మానాం, ఏం పని చేశాం, చివరి జీతం ఎంత అన్నది అందులో ఉండాలి. మన పేరు చెడిపోయే మాట రాయకూడదు. అయితే అడగాల్సింది మనమే. సెలవు మీద పోతున్నా, తిరిగి వస్తామో రామో అని మనసులో ఉంటే, విమానం ఎక్కకముందే ఒక కాగితం అడిగి పెట్టుకోండి. ఇంటికి పోయాక ఫోన్‌లో అడిగితే ఎవరు పలుకుతారు?

కాగితం దొరకనివాళ్లు ఉన్న రుజువులైనా పోగొట్టుకోవద్దు. పాత పాస్‌పోర్టు, లేబర్ కాంట్రాక్టు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, అకామా జిరాక్స్ అన్నీ పనికొస్తాయి. యూఏఈలో 2022 నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ అంటించడం లేదు, కాబట్టి ఎమిరేట్స్ ఐడీ కాపీ తప్పక దాచుకోవాలి. ఇండియాలో కంపెనీలో చేసినవాళ్లకు పీఎఫ్ ఉంటే, ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో యూఏఎన్ ఖాతాలోనే కనిపిస్తుంది. దాన్ని ఏ ఏజెంటూ మార్చలేడు.

మిలిటరీ నుంచి రిటైరై సెక్యూరిటీ పనికి వచ్చే అన్నల దగ్గర తంటా ఇంకో రకం. వాళ్లకు కాగితం లేకపోవడం ఉండదు. డిశ్చార్జి బుక్కులో సర్వీసు, ట్రేడు, నడవడిక అన్నీ ఉంటాయి. సరిచూడాలంటే రికార్డు ఆఫీసు ఉంది. ఈఎంఈ, ఏఓసీ వాళ్లవి సికింద్రాబాద్‌లోనే, ఆర్టిలరీ వాళ్లది నాసిక్‌లో. చిక్కంతా పేరు దగ్గర. ఆర్మీ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇద్దరు వేరు మనుషులని ఇక్కడి గుమస్తా అనుకుంటే అతని తప్పు కూడా కాదు. బయల్దేరకముందే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో అడిగి సరిచేయించుకోవాలి. డిశ్చార్జి బుక్కు ఒరిజినల్ మాత్రం ఏ ఏజెంటు చేతికీ ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి.

సౌదీ పోయేవాళ్లకు ఇప్పుడు నైపుణ్య పరీక్ష ఒకటి వచ్చింది. 2022 చివర్లో మన దేశంలో మొదలైంది. ముందు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ పనులకు పెట్టారు. పరీక్ష అంటే మనవాళ్లు భయపడతారు గానీ, చేతిలో పని ఉండి కాగితం లేనివాడికి ఇంతకన్నా మంచి దారి మాకు కనపడలేదు.

ఈ మాటే క్యాంపులో ఆ అన్నకు చెప్పాం. తల ఊపాడు. మస్కట్‌లో తన పాత ఫోర్‌మన్, ఒక మలయాళీ, ఇంకా అదే కంపెనీలో ఉన్నాడట. వారం కింద వాట్సాప్‌లో అడిగితే, ఆఫీసువాళ్లు రాసిస్తామన్నారు, పాత రెసిడెంట్ కార్డు నంబరు పంపు అన్నాడట. ఆ కార్డు ఎక్కడుందో గుర్తులేదు. మేం ఉండగానే ఇంటికి ఫోన్ కలిపాడు.

"అమ్మ గదిల రేకు పెట్టె చూడు, బట్టల కింద" అంటున్నాడు భార్యతో.