వల తడవకముందే బేరం: నెల్లూరు తీరంలో అడ్వాన్సులకు హామీ ఏది?

నెల్లూరు: తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలయ్యే 61 రోజుల వేట నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో ముగుస్తుంది. మరునాడు తొలి బోటు ఒడ్డుకు చేరేసరికే అందులోని వంజరం, చందువ, రొయ్య ఎవరి ఐసు పెట్టెల్లోకి పోవాలో చాలా వరకు నిర్ణయమై వుంటుంది. నిషేధపు రోజుల్లో ఇంటి ఖర్చుకు, వల మరమ్మతుకు, ఇంజను బాగుచేతకు సొమ్ము సర్దిన వ్యాపారిదే ఆ సరకు. అడ్వాన్సు తీసుకోని బోటు సరకు మాత్రమే ఒడ్డున పాటకు వస్తుంది.

జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం పరిసరాల పాళేలలో ఈ పద్ధతి కొత్తది కాదు. సరకు చెన్నైకి పోయినా, నెల్లూరు మార్కెట్టుకు వచ్చినా దాని వెనుక ఒక అడ్వాన్సు పద్దు వుండనే వుంటుంది. వడ్ల మీద యిచ్చిన సొమ్ముకు గిడ్డంగిలో బస్తాలుంటవి. పొగాకు మీద యిచ్చిన సొమ్ముకు బేరన్ వుంటుంది. సముద్రంలో యింకా పడని చేప మీద యిచ్చిన సొమ్ముకు హామీ ఏమిటి? దీనికి సమాధానం కావాలంటే పాళెంలో ఆస్తి అనేది ఏ రూపంలో వున్నదో చూడాలి.

కదిలే ఆస్తి

ఈ తీరంలో వేట ప్రధానంగా పట్టపువారిది. ఇంటి మాటలో తమిళ ఛాయ, బజారు మాటలో నెల్లూరు తెలుగు. పాళెంలో ఒక కుటుంబం ఆస్తి లెక్కగట్టాలంటే ముందు ఇసుక మీద చూడాలి, తర్వాత ఇంట్లోకి పోవాలి. బోటు, ఇంజను, వలలు మొదటి పద్దు. స్త్రీల ఒంటి మీది బంగారం రెండవది. ఇల్లు మూడవది.

ఒకప్పుడు కొయ్య తెప్ప వుంటే వేట సాగేది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తెప్పలు, వలలు కొట్టుకొనిపోయిన తర్వాత సహాయ పథకాల ద్వారా ఫైబరు బోట్లు విరివిగా వచ్చినవి. దానితో వేట దూరం పెరిగింది, పెట్టుబడి కూడా పెరిగింది. తెప్పకు డీజిలు అక్కరలేదు. ఫైబరు బోటుకు డీజిలు, ఐసు, ఇంజను సామాను లేనిదే రోజు గడవదు. చేతిలో రొక్కం వుండవలసిన అవసరం ఎక్కువైన కొద్దీ వ్యాపారి అడ్వాన్సు కూడా పెద్దదయింది.

ఈ ఆస్తికి ఆయుష్షు తక్కువ. ఉప్పునీటికి ఇంజను తింటుంది, నాచుకు వల చివుకుతుంది. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన తుపాను వంటిది ఒకటి వస్తే ఒక్క రాత్రిలో పద్దు మొత్తం కొట్టివేయవలసి వస్తుంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఇది తరుగుదల ఎక్కువై, తాకట్టుకు నిలవని ఆస్తి.

ఇల్లు వున్నది, అమ్మకం లేదు

పోతే ఇల్లు. తీరపు పాళేలలో తాతల నాటి నుంచి కాపురమున్న స్థలాలు చాలా వరకు రెవెన్యూ లెక్కల్లో ప్రభుత్వ పోరంబోకు. కొందరికి పట్టాలున్నా అవి పేదలకు యిచ్చిన అసైన్డ్ పట్టాలు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం అటువంటి భూమి మీద ప్రైవేటు వర్తకునికి తాకట్టు హక్కు రాదు. ప్రభుత్వానికి, సహకార సంఘాలకు, షెడ్యూల్డు బ్యాంకులకు మినహాయింపు యిచ్చారు. 2023 సవరణ 20 ఏళ్లు నిండిన అసైనీలకు వెసులుబాటు కల్పించినా, కాగితమే లేనివారికి దానితో ఒరిగేది లేదు.

దీనికి తోడు తీర నియంత్రణ నిబంధనలు. 1991 ఫిబ్రవరి నోటిఫికేషన్ పోటు రేఖ నుంచి 500 మీటర్ల మేరను నియంత్రణలోకి తెచ్చింది. గ్రామీణ తీరంలో తొలి 200 మీటర్లలో కొత్త కట్టడాలు కూడదన్నది. పడవ కనుచూపులో లేనిదే వేటగానికి నిద్రపట్టదు గనుక అతని ఇల్లు సరిగ్గా ఆ మేరలోనే వుంటుంది. 2011 నోటిఫికేషన్ 100, 200 మీటర్ల మధ్య తీరవాసుల ఇళ్లకు సడలింపు యిచ్చింది. మత్స్యకార గ్రామాలను, వారి ఉమ్మడి స్థలాలను ప్రణాళికల్లో గుర్తించాలని కూడా చెప్పింది. ఉండటానికి హక్కు బలపడింది గాని, ఇల్లు అంగడి సరకు కాలేదు.

సముద్రానికి దురాయి

వల ఆరవేసే దిబ్బ, చేప ఎండబెట్టే ఇసుక, బోటు లాగే ఒడ్డు ఎవరి సొంతమూ కాదు, అందరివీ. పాళెం ఎదుటి సముద్రం మీద కూడా అటువంటి అవగాహనే నడుస్తుంది. తగాదా వస్తే తీర్చేది కాపులు అని పిలిచే కులపెద్దలు. వారి కట్టుబాటుకు దురాయి అని పేరు. దురాయి దాటినవారికి జరిమానా వుంటుంది. కొన్నిచోట్ల వెలి దాకా పోతుంది. దురాయికి చట్టబద్ధత లేదు. వెలివేశారన్న ఫిర్యాదులు పోలీసుల వద్దకు వెళ్లిన సందర్భాలూ కలవు.

అయితే అడ్వాన్సు యిచ్చే వ్యాపారికి అసలు ధైర్యం అక్కడే వున్నది. బాకీ వుండగా సరకు మరొకరికి తోలినవాని మీద కోర్టుకు పోయే వ్యాపారి అరుదు. పెద్దల ముందు మాట పెట్టటమే పద్ధతి. పాళెంలో మాట పోగొట్టుకున్నవానికి మరుసటి సీజనులో సొమ్ము పుట్టదు. కాగితం మీద లేని హామీ యిదే.

పాళెం గీత దాటి వచ్చేవారి మీద మాత్రం దురాయి పని చేయదు. రాష్ట్ర సముద్ర వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ వేటకు కేటాయించారు. ఆ మేరలోకి తమిళనాడు మరబోట్లు వచ్చి వలలు తెంపుతున్నాయన్న వివాదం ఈ తీరంలో అనేకమార్లు రేగింది. తెగిన వల వేటగానిది. దాని మీద నిలిచిన బాకీ వ్యాపారిది.

వడ్డీ లేని అప్పుకు వడ్డీ ఎంత?

అడ్వాన్సు మీద వడ్డీ లేదని ఇరుపక్షాలూ అంటారు. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బోటుకు రు. 60,000 యిచ్చారనుకుందాం. వేట సాగిన 10 నెలల్లో 2,500 కిలోల సరకు వ్యాపారికి చేరింది. ఒడ్డున పాట ధర కన్నా కిలోకు రు. 8 తగ్గించి కట్టినందున రు. 20,000 తేడా. తూకంలో నూటికి 5 కిలోల తరుగు చొప్పున 125 కిలోలు, సగటు ధర రు. 120 అనుకుంటే రు. 15,000. మొత్తం రు. 35,000, అనగా అసలులో 58 శాతం. బ్యాంకు వడ్డీ 7 శాతమైతే అదే సొమ్ముకు ఏడాదికి రు. 4,200 మాత్రమే.

ఇది చూసి వ్యాపారిని తప్పుపట్టే ముందు రెండవ పద్దు కూడా చూడాలి. అటువంటి బోట్లు 10కి రు. 6 లక్షలు యిచ్చాడు. తుపానుకో, ఇంజను పోయో 2 బోట్లు మూలబడితే రు. 1,20,000 అసలు మునిగింది. మిగిలిన 8 బోట్ల మీద వచ్చిన రు. 2,80,000లో అది పోను రు. 1,60,000. ఆ రు. 6 లక్షలు వ్యాపారి తానూ బజారులో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే ఏడాదికి రు. 1,44,000 కట్టాలి. మిగిలేది రు. 16,000. ఐసు, లారీ కిరాయి యింకా లెక్కలోకి రాలేదు.

వేటగాడు 58 శాతం కట్టాడు, వ్యాపారికి 3 శాతం కూడా మిగల్లేదు. నడుమ సొమ్మంతా ఏమైంది? తాకట్టుకు నిలవని ఆస్తి మీద వ్యాపారం చేసినందుకు ఇరువురూ కట్టిన మూల్యం అది.

దూరతీరాల్లోనూ ఇదే తీరు

ఇది నెల్లూరు తీరానికే పరిమితమైన సంగతి కాదు. ఇండోనేషియాలోని దక్షిణ సులవేసి తీరంలో బోటు, పెట్టుబడి సమకూర్చే పెద్దను పుంగావా అని, అతని కింద వేటకు పోయేవారిని సావి అని అంటారు. బాకీ, సరకు, ఆపదలో ఆదుకోవటం మూడూ ఒకే ముడి. అదే దేశపు మలుకు దీవుల్లో సాసి అనే కట్టుబాటు వున్నది. నిర్ణీత కాలం దాకా ఫలానా సరకు తీయరాదని ఊరే నిషేధం విధిస్తుంది. మన దురాయికి దగ్గర చుట్టమే. భూమికి పట్టా వుండి సముద్రానికి లేనిచోట మాటే దస్తావేజు అవుతుంది.

మారుతున్న పద్దు

ఆ దస్తావేజు ఎంతకాలం చెల్లుతుందన్నదే వర్తకులు ఆలోచించవలసిన విషయం. 2018–19 కేంద్ర బడ్జెట్టు కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యకారులకు విస్తరించింది. 2025 జనవరి నుంచి తాకట్టు లేని వ్యవసాయ, అనుబంధ రుణాల పరిమితి రు. 1,60,000 నుంచి రు. 2 లక్షలకు పెరిగింది. వేట నిషేధ కాలపు భృతి 2019లో రు. 10,000, 2025లో రు. 20,000 అయింది. కార్డు చేతికి వచ్చిన బోటు యజమాని సరకు పాటకు పెట్టగలడు. అప్పుడు వ్యాపారి అడ్వాన్సుతో గాక ధరతో పోటీపడాలి.

రెండవది, తీరం రూపే మారుతున్నది. జువ్వలదిన్నె చేపల రేవుకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. రేవులో పాట బహిరంగంగా సాగితే కిలోకు ఎనిమిది రూపాయల తేడాను దాచటం కష్టం. కృష్ణపట్నం ఓడరేవు 2008లో పని ప్రారంభించింది. రామాయపట్నం ఓడరేవుకు 2022 జులైలో శంకుస్థాపన చేశారు. ఓడరేవు వచ్చినచోట పాళెం కదలవలసి రావచ్చు. 2013 భూసేకరణ చట్టం నీటివనరుల మీద ఆధారపడిన మత్స్యకార కుటుంబాలను, సొంత భూమి లేకున్నా, బాధిత కుటుంబాలుగా గుర్తించింది. మూడేళ్లుగా అదే ప్రధాన జీవనాధారమై వుండాలన్నది షరతు. కాని పాళెం రెండుగా చీలి దూరంగా స్థిరపడితే కాపుల మాటకు మునుపటి విలువ నిలుస్తుందా? వ్యాపారి పాత బాకీ ఆ మాట మీదనే నిలబడి వున్నది.

కనుక ఈ తీరంలో సొమ్ము పెట్టేవారు కొన్ని జాగ్రత్తలు పాటించటం మేలు. అడ్వాన్సు, ధర తగ్గింపు, తరుగు మూడూ చీటీ మీద రాసి ఇరువురూ తలా ఒకటి వుంచుకోవాలి. బోటు రిజిస్ట్రేషన్, బీమా వున్నవీ లేనివీ చూడాలి. ధర తగ్గింపును బాకీలో జమ కట్టే పద్ధతి పెడితే అప్పు ఎప్పటికైనా తీరుతుంది. తీరే అప్పు యిచ్చిన వ్యాపారి వద్దకే బోటు మళ్లీ వస్తుంది. తీరని అప్పు మోసే బోటు, తొలి అవకాశం దొరకగానే మరో రేవుకు తిరుగుతుంది.